గట్క నుంచి సన్నబియ్యం దాకా: మన ఆడోళ్ల బరువు వెనకున్న కథ

మా నల్లగొండ దిక్కు నలభై దాటిన ఆడామెను ఎవర్నైనా అడుగున్రి, "నేను తినేదే ఇంత, ఒళ్లు ఎట్ల వస్తుందో తెల్వది" అంటది. అబద్ధమేం కాదది. ఎంత తింటున్నరు అన్నదొక్కటే కాదు, ఏం తింటున్నరన్నది కూడా చూడాలె, దానికి కొంచెం ఎనకకు పోవాలె.

మా నాయనమ్మ కాలంల నల్లగొండైనా పాలమూరైనా చెరువు కింద ఇంత వరి తప్పితే అంతా జొన్న, సజ్జ, కొర్ర, కంది, ఆముదాలే. పొద్దున అంబలి, మాపటికి గట్కనో (జొన్న రవ్వ ఉడికిచ్చి చేసేది) రొట్టెనో, దాంట్లకు పప్పు లేకుంటే పుంటికూర. 1967ల సాగర్ నీళ్లు కాలువలకు వచ్చినంక ఎడమ కాలువ కింద మిర్యాలగూడ దిక్కంతా వరి అయింది, దాని ఎనకాలనే రైస్ మిల్లులు. పాలమూరుకు ఆ కాలువ పోలె, అక్కడ చానా ఇండ్లల్లకు అన్నం రేషన్ షాపు నుంచే వచ్చింది, 1983ల ఎన్టీఆర్ రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చినంక. ఆ బియ్యం కడుపులు నింపింది, దాన్ని నేను తప్పు పట్ట.

ఇంకో సంగతి ఎవ్వరు చెప్పరు. జొన్నలు దంచుడు, ఇసుర్రాయి తిప్పుడు, పొయ్యి ముంగట కూసొని ఒక్కొక్క రొట్టె తట్టుడు, ఇదంతా ఆడోళ్ల రెక్కల మీదనే నడిచింది. బియ్యమైతే కడిగి ఎసట్ల పోస్తే అయిపాయె, అందుకే వాళ్లే ఇష్టపడి మారిన్రు.

కానీ మారింది గింజ ఒక్కటే కాదు, చేన్లల్ల కంది, పెసర సాళ్లు పోయి పత్తి వచ్చె, పప్పు కొనుక్కునే సరుకాయె. మా అమ్మ కంచం చూడున్రి, అందరు తిన్నంక కూసుంటది, అన్నం మధ్యల గుంట చేసి పల్చటి పప్పుచారు, పక్కకు మామిడికాయ తొక్కు, కూర గిన్నె అడుగున ఏమన్న మిగిలితే అది, గుడ్డు అప్పటికే పిల్లలు తిన్నరు. రోజుకు నాలుగు చాయలు, ఒక్కోదాంట్ల రెండు చెంచాల చక్కెర. చూస్తే ఎక్కువేం ఉండది, కానీ దాదాపు మొత్తం బియ్యమూ చక్కెరే.

అమెరికాల 1976ల మొదలైన నర్సుల స్టడీతో పాటు ఇంకో రెండు స్టడీల లెక్కలు కలిపి, లక్షా ఇరవై వేల మందిని ఏండ్ల తరబడి చూసి 2011ల చెప్పిన్రు, నాలుగేండ్లకోసారి సగటున కిలోన్నర పెరుగుతున్నరని, చిప్స్, తీపి కూల్‌డ్రింకులు ఎక్కువైనోళ్లు ఇంకా పెరిగిన్రని, కూరగాయలు, పొట్టు తీయని గింజలు, పల్లీల వంటివి, పెరుగు పెంచినోళ్లు తక్కువ పెరిగిన్రని. అక్కడి తిండి వేరే, మన గట్కను వాళ్లు కొలువలె, అయినా ఏం తింటున్నమన్న దాంతోని బరువు మారుతదన్నది మాత్రం మనకు కూడా పనికొచ్చే మాటే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల తెలంగాణ ఆడోళ్లల్ల నూటికి 30 మంది అధిక బరువు, 57 మందికి పైగా రక్తహీనత. అంటే ఒళ్లు వచ్చినంత మాత్రాన ఒంట్లె బలం ఉన్నట్టు కాదు, ఈ రెండూ ఒక్కామెలనే ఉండొచ్చు. నన్ను బాధపెట్టేది ఇదే.

2025 ఉగాదికి హుజూర్‌నగర్ల రేషన్ సన్నబియ్యం మొదలైంది, మనిషికి ఆరు కిలోలు, అన్నం మంచిగైతుందని మా అమ్మకు సంతోషం. నేనైతే ఇప్పుడు గుడ్డు ముందుగాల్నే ఆమె కంచంల పెడుతున్న, పిండిగిర్నీ నుంచి పచ్చజొన్న పిండి తెస్తున్న. రొట్టె తట్టుడు మా తమ్ముడు నేర్చుకుంటున్నడు, ఇంకా గుండ్రంగ వస్తలేదు.