పాత ఫోర్‌ వీల్ జీపు ఎఫ్‌సీని ఎంతవరకు నమ్మొచ్చు?

పాత జీపు బేరానికి వెళ్తే ముందుగా వినపడే మాట "ఎఫ్‌సీ ఈమధ్యే చేయించాం సార్" అని. ఎఫ్‌సీ అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్. తనిఖీ జరిగిన రోజున బండి నిబంధనలకు సరిపోయిందనడానికే ఆ కాగితం సాక్ష్యం. ఆ సాక్ష్యానికి ఎంత బలం ఉందో తెలియాలంటే మన దగ్గర ఈ తనిఖీ ఎలా నడుస్తూ వచ్చిందో చూడాలి.

ఫిట్‌నెస్ సర్టిఫికెట్ 1939 మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. అయితే అది కిరాయికి తిరిగే బండ్ల కోసం. 1989 జులై 1న అమల్లోకి వచ్చిన 1988 చట్టం కూడా ఆ దారినే నడిచింది. ట్రాన్స్‌పోర్టు బండి కొత్తదైతే మొదటి ఎఫ్‌సీ రెండేళ్ళకు, ఆ తర్వాత ఏటా. 2018 నవంబరులో దీన్ని కొంచెం సడలించి, ఎనిమిదేళ్ళ లోపు బండ్లకు రెండేళ్ళకోసారి చాలన్నారు. సొంత బండికి మాత్రం 15 ఏళ్ళ రిజిస్ట్రేషన్ ఒకేసారి ఇస్తారు, ఆపైన తనిఖీ చేయించి అయిదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. అంటే 1995లో సొంతానికి రిజిస్టరైన మహీంద్రా ఎంఎం 540 మళ్ళీ ఫిట్‌నెస్ తనిఖీకి రావాల్సింది 2010లో. వాగులు, బురద, ఓవర్‌లోడ్ అన్నీ ఆ మధ్యలోనే అయిపోయి ఉంటాయి.

తనిఖీ చేసేది మోటారు వెహికిల్ ఇన్‌స్పెక్టర్, జనం నోట బ్రేక్ ఇన్‌స్పెక్టర్. లైట్లు, హారను, టైర్లు, ఛాసిస్ నంబరు, కొద్ది దూరం నడిపి ఒక బ్రేకు: చాలాచోట్ల తనిఖీ అంటే ఇంతే. కంటిచూపు తనిఖీలో బండి కింద పడుకుని చూసే తీరిక ఎవరికీ ఉండదు. ఎఫ్‌సీకి ముందు కింద కొట్టించే నల్ల పెయింటు పని చేసేది అందుకే. స్టీరింగ్ బాక్సు బిగించిన చోట, కమాను పట్టీల హ్యాంగర్ల దగ్గర ఛాసిస్‌కు వచ్చే సన్నటి పగుళ్ళను అది కప్పేస్తుంది. చిన్న సుత్తితో తట్టి చూడండి. గట్టి ఇనుము ఖణేల్‌మంటుంది, తుప్పు తిన్నచోట మొద్దు చప్పుడు వస్తుంది. సముద్రపు గాలికి తిరిగిన బండైతే ఇది తప్పనిసరి.

ముందు చక్రాల్లో లూజును దాచడం ఇంకా తేలిక. విల్లీస్ అనే అమెరికా కంపెనీ జీపుల వంశపు బండ్లలో స్టీరింగ్ నకిల్, అంటే ముందు చక్రాన్ని మోస్తూ దాన్ని పక్కకు తిప్పే భాగం, కింగ్‌పిన్ బేరింగుల మీద తిరుగుతుంది. ఆ బిగువును షిమ్ములనే పల్చటి రేకు బిళ్ళలతో సరిచేస్తారు. పాత బేరింగులో గ్రీజు దట్టిస్తే కొన్నాళ్ళు లూజు తెలియదు. చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపాలి. తర్వాత ఒకరు బ్రేకు తొక్కి పట్టుకుంటే మళ్ళీ ఊపాలి. లూజు పోతే వీల్ బేరింగు, పోకపోతే కింగ్‌పిన్. గుంత దాటగానే స్టీరింగ్ గడగడలాడే జీపుల్లో ముందుగా ఇక్కడే వెతకాలి.

బ్రేకు ఒక పక్కకు లాగుతుంటే యాక్సిల్ బ్రీదర్, అంటే యాక్సిల్ హౌసింగుకు గాలి ఆడే చిన్న రంధ్రం, చూడండి. అది మట్టితో మూసుకుపోతే, వేడెక్కిన హౌసింగులో ఒత్తిడి పెరిగి గేర్ ఆయిల్ సీలు దాటి డ్రమ్ములోకి వస్తుంది. ఆయిల్ తాగిన లైనరును పెట్రోలుతో కడిగితే ఎఫ్‌సీ గట్టెక్కుతుందేమో గానీ, బ్రేకు వేడెక్కగానే ఆయిల్ మళ్ళీ ఊరుతుంది. బ్రీదర్ శుభ్రం చేసి, సీలు మార్చి, రెండు వైపులా షూలు కొత్తవి వేయడం ఒక్కటే దారి.

కంటిచూపు మీద నమ్మకం తగ్గబట్టే 2021 సెప్టెంబరులో ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్ల నిబంధనలు వచ్చాయి. 2023 ఏప్రిల్ నుంచి భారీ వాహనాలతో మొదలుపెట్టి తప్పనిసరి చేయాలనుకున్న గడువు తర్వాత 2024 అక్టోబరు 1కి జరిగింది. స్టేషను నడిపేవాళ్ళు రిపేర్లు, స్పేర్ పార్ట్‌ల వ్యాపారం చేయకూడదన్న షరతు అందులో మంచి మాట. ఆ స్టేషన్లలో చక్రాలను తిప్పే రోలర్ల మీద ఏ చక్రం ఎంత బ్రేకు పడుతోందో అంకెల్లో తేలుతుంది.

ఫోర్‌ వీల్ బండికి రోలర్లతోనూ చిక్కుంది. లివరు 4హెచ్‌లో (నాలుగు చక్రాలకూ బలం వెళ్ళే గేరు) ఉండిపోతే రోలరు తిప్పే బలం, ముందు వెనక యాక్సిల్‌లకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు గుండా నేల మీదున్న యాక్సిల్‌కు చేరి బండి ముందుకు దూకుతుంది. అందుకని 2హెచ్‌లో (వెనక చక్రాలకే బలం వెళ్ళే గేరు) పెట్టి, ముందు చక్రాలను యాక్సిల్‌కు కలిపే లాకింగ్ హబ్బులుంటే ఫ్రీ చేసి ఎక్కించాలి. ఫుల్‌టైమ్ ఫోర్‌ వీల్ బండ్లకైతే మామూలు రోలర్లు పనికిరావు, రోడ్డు మీద, వేగం ఎంత త్వరగా తగ్గుతోందో కొలిచే డిసెలరోమీటరుతో చూడాలి. పాత సీజే (విల్లీస్ మోడల్) జీపుల హ్యాండ్‌బ్రేకు ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ప్రొపెల్లర్ షాఫ్టును పట్టుకుంటుంది. చక్రాలు తిరుగుతుండగా దాన్ని గబుక్కున లాగితే క్రాస్ జాయింటు విరగొచ్చు.

పొగ సంగతి చిన్నదే. బీఎస్-4కు ముందటి డీజిలుకు పరిమితి 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు (పొగ చిక్కదనాన్ని కొలిచే యూనిట్లు). ఇంజిన్ బాగా వేడెక్కాకే కొలవాలి. టెస్టు కోసం పంపులో డీజిల్ తగ్గించి, బయటికొచ్చాక మళ్ళీ పెంచుకునేవాళ్ళున్నారు కాబట్టి ఆ అంకెను మరీ పట్టించుకోనక్కర్లేదు.

అసలు పేచీ ఆర్‌సీలో వస్తుంది. టూ వీల్ డ్రైవ్ జీపుకు ముందు యాక్సిల్ అతికించినవి, ఇంజిన్ మార్చినవి చాలా ఉన్నాయి. కంపెనీ స్పెసిఫికేషన్లకు విరుద్ధమైన మార్పులు చెల్లవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. పైగా కారు రిజిస్ట్రేషన్ పొడిగింపు ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 నుంచి 5,000 రూపాయలైంది. 2025లో 20 ఏళ్ళు దాటిన వాటికి 10,000 చేశారు. కాబట్టి అడ్వాన్సు ఇచ్చే ముందే ఆర్‌సీని, ఛాసిస్ మీద కొట్టిన నంబరును, ఇంజిన్ నంబరును పక్కపక్కన పెట్టి సరిచూడాలి. ఆటోమేటెడ్ స్టేషన్లో ఎఫ్‌సీ అయిన బండైతే సర్టిఫికెట్‌తో పాటు టెస్టు రిపోర్టు కూడా అడిగి, ఎడమ కుడి బ్రేకుల అంకెలు దగ్గరదగ్గరగా ఉన్నాయో లేదో చూసుకోవాలి.