ట్యూబు రాసేశాక తామర ఏ కంటికి చిక్కుతుంది?

ఎండాకాలం కర్నూలులో తొడసందుల్లోనో నడుము చుట్టో తామర పట్టిందంటే మొదట గుర్తొచ్చేది మెడికల్ షాపు. అక్కడ దొరికే ట్యూబుల్లో చాలావాటిలో ఫంగస్ మందుతో పాటు గట్టి స్టెరాయిడ్ కూడా ఉంటుంది. దాంతో దురద తగ్గుతుంది, అంచున లేచిన చక్రం చదునవుతుంది. ఫంగస్ మాత్రం నిక్షేపంగా ఉంటుంది. కొత్త పరికరాల సత్తా తేలేది ఇలాంటి చర్మం మీదే.

ఇప్పుడు అందరి ఆశా ఫోన్ కెమెరా మీదే. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 1,29,450 ఫొటోలతో కృత్రిమ మేధకు శిక్షణ ఇచ్చారు. చర్మ క్యాన్సర్ గుర్తించడంలో అది నిపుణులకు దీటుగా నిలిచింది. బాగానే ఉంది గానీ, మన ఓపీలో బారులు తీరేది తామర, గజ్జి. పైగా ఇలాంటి ప్రోగ్రాములకు చూపించిన ఫొటోల్లో తెల్లతోలు వాళ్లవే ఎక్కువ. వాళ్ల ఒంటి మీద గులాబీ రంగులో ఉండే వాపు చామనచాయ మీద గోధుమరంగుగానో ఊదాగానో కనబడుతుంది. ఆపై స్టెరాయిడ్ చక్రాన్ని కూడా చెరిపేస్తే ఫొటోలో మిగిలేది ఒక మరక.

ఆ మరక అంచున మొండి బ్లేడుతో పొలుసు గీకి, గాజుపలక మీద 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, పైన కవర్ స్లిప్ (పల్చటి గాజు ముక్క) పెట్టి పది, పదిహేను నిమిషాలు ఆగితే చాలు. చర్మకణాలు కరిగి, కొమ్మలు వేసిన ఫంగస్ పోగులు మైక్రోస్కోపులో బయటపడతాయి. స్టెరాయిడ్ రాసినవాళ్లలో ఇవి కుప్పలుగా కనబడటం మామూలే. తొందరపడితే కరగని కణాల అంచులే పోగుల్లా మోసం చేస్తాయి. చుక్క ఎండనిస్తే స్ఫటికాలు కట్టి ఏమీ కనబడదు. ఉత్త ఫంగస్ మందు రాసుకుని వెళ్తే మాత్రం ఈ పరీక్షలోనూ ఫంగస్ కనబడకపోవచ్చు.

గజ్జికి డెర్మోస్కోపు మంచి సాధనం. అరచేతిలో పట్టే ఈ భూతద్దం పదింతలు పెంచి చూపిస్తుంది. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర తెల్లటి సన్నగీత, దాని చివర చిన్న గోధుమ త్రికోణం కనబడితే అది గజ్జి పురుగు తల. ఆకాశంలో జెట్ విమానం వదిలిన తెల్లచార గుర్తొస్తుంది. నల్లటి చర్మం మీద ఆ త్రికోణం కలిసిపోతుంది కాబట్టి గీతనే వెతకాలి. ఫౌంటెన్ పెన్ను సిరా పూసి స్పిరిట్‌తో తుడిస్తే పురుగు తొలిచిన సొరంగంలో, అంటే ఆ గీతలో, సిరా నిలుస్తుంది, పైసా ఖర్చు లేదు. పైపొర మెరుపును తగ్గించే పోలరైజ్డ్ కాంతి లేని డెర్మోస్కోపు అయితే చర్మానికీ అద్దానికీ మధ్య జెల్లు గానీ స్పిరిట్ గానీ ఉండాలి. లేకపోతే వెలుతురు పైపొర మీదే తిరిగి కొడుతుంది. గట్టిగా అదిమితే రక్తనాళాలు కనబడకుండా పోతాయి. ఒక రోగిని చూశాక అద్దం తుడవకపోతే గజ్జి ఇంకొకరికి అంటుకునే ప్రమాదం ఉంది.

వుడ్స్ ల్యాంపు కొత్తదేం కాదు, 365 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి దీపం. దాని కింద బొల్లి మచ్చ నీలి తెలుపులో మెరుస్తుంది, శోభి మచ్చ పసుపుగా. ఒంటి మీది తామర చాలావరకు మెరవనే మెరవదు, కాబట్టి వెలగలేదు గనక తామర కాదు అనుకోవడం పొరపాటు. తొడసందుల్లో తామరలాగే కనబడే ఎరిత్రాస్మా అనే బ్యాక్టీరియా జబ్బు పగడపు ఎరుపులో వెలుగుతుంది. అయితే డాక్టరు దగ్గరికి వెళ్తున్నామని శుభ్రంగా స్నానం చేసి వెళ్తే ఆ వెలుగునిచ్చే పదార్థం కడుక్కుపోతుంది! వ్యాజిలైన్, సబ్బు జిడ్డు, దూదిపోగులు కూడా మెరిసి తికమక పెడతాయి.

పాలిపోయిన మచ్చ మీద స్పర్శ తెలియకపోతే ఈ దీపాలేవీ అక్కర్లేదు, దూది తాకించి చూసి నేరుగా కుష్ఠు పరీక్షకు పంపాలి.

ఆదోని వైపో తాడిపత్రి వైపో పల్లెనుంచి ఫొటో పంపి సలహా అడిగేవాళ్లు పగటి నీడలో, ఫ్లాష్, బ్యూటీ ఫిల్టర్ రెండూ ఆపి, రెండు తీయాలి. ఒకటి మచ్చ ఒంట్లో ఎక్కడుందో తెలిసేలా దూరంగా, ఇంకొకటి జానెడు దూరం నుంచి పక్కన రూపాయి బిళ్ల పెట్టి. మూడో ఫొటో రాసుకున్న ట్యూబుది. దాని మీద క్లోబెటసాల్ అనో బెటామెథసోన్ అనో స్టెరాయిడ్ పేరు ఉందంటే, మొదటి రెండు ఫొటోల కంటే గీకిన పొలుసునే నమ్మాలని చూసేవాళ్లకు అర్థమవుతుంది.