క్యాచర్‌ను గుద్దే హక్కు ఎలా రద్దయింది?

2011 మే 25. శాన్ ఫ్రాన్సిస్కోలో జెయింట్స్, ఫ్లోరిడా మార్లిన్స్ మధ్య బేస్‌బాల్ మ్యాచ్ 6-6తో సమంగా ఉండటంతో, మామూలు తొమ్మిది ఇన్నింగ్స్ దాటి 12వదానికి చేరింది. మార్లిన్స్ ఆటగాడు స్కాట్ కజిన్స్ మూడో బేస్ నుంచి, తాకితే పరుగు దక్కే హోమ్ ప్లేట్ వైపు దూసుకొచ్చాడు. జెయింట్స్ క్యాచర్ బస్టర్ పోసీ మోకాళ్ల మీద ఉన్నాడు. ఫీల్డర్ విసిరిన బంతి అతని చేతిలో నిలవలేదు. కజిన్స్ భుజం వంచి గుద్దాడు. పోసీ ఎడమ కాలు తన ఒంటి కిందే మెలిపడి, ఎముక విరిగింది, చీలమండ లిగమెంట్లు తెగాయి. ముందటి ఏడాదే ఉత్తమ కొత్త ఆటగాడిగా నిలిచిన అతనికి ఆ సీజన్ అక్కడితో సరి.

అభిమానులు కజిన్స్‌ను చంపుతామని బెదిరించారు. అతను చేసినది నిబంధనలకు విరుద్ధం కాదు మరి! మన వికెట్ కీపర్‌లా క్యాచర్ కూడా వెనక కూర్చుని బంతులు పట్టేవాడే. కానీ పరుగు దక్కాలంటే రన్నర్ తాకాల్సిన ప్లేటుకు కాపలా కూడా అతనే. బంతి లేకుండా దారికి అడ్డుపడకూడదన్న నియమం పాతదే అయినా, దాన్ని పెద్దగా పట్టించుకున్నవారు లేరు. గుద్దుకోవడాన్ని పౌరుషంగానే చూశారు.

1970లో సిన్సినాటిలో జరిగిన ఆల్‌స్టార్ మ్యాచ్ చూడండి. అదీ 12వ ఇన్నింగ్సే. లీగ్ పట్టికతో సంబంధం లేని ప్రదర్శన మ్యాచ్‌లో పీట్ రోజ్, క్లీవ్‌లాండ్ క్యాచర్ రే ఫాసీని గుద్ది గెలుపు పరుగు తీశాడు. ఫాసీ భుజం ఎముక చిట్లిన సంగతి మరుసటి ఏడాదికి గానీ తెలియలేదు. అప్పటికి 16 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టినవాడు, ఆ సీజన్ మిగతా భాగంలో రెండే కొట్టాడు. అయినా నియమం మారలేదు. పోసీ లాంటి ఖరీదైన తార పడ్డాక గానీ యాజమాన్యాలకు చురుకు పుట్టలేదని నా అనుమానం.

జెయింట్స్ మేనేజర్ బ్రూస్ బోచీ, తల దెబ్బలతో ఆట మానుకున్న మైక్ మథేనీ మార్పు కోసం గట్టిగా వాదించారు. ఇద్దరూ మాజీ క్యాచర్లే. 2014లో కొత్త నియమం వచ్చింది: గుద్దడానికే దారి తప్పితే రన్నర్ అవుట్, బంతి లేకుండా అడ్డుపడితే పరుగు ఖాయం.

పోసీ మాత్రం అంతకుముందే, 2012లో, .336 సగటుతో (అంటే వెయ్యి అవకాశాలకు 336 హిట్ల లెక్కన) బ్యాటింగ్ టైటిల్, లీగ్ అత్యుత్తమ ఆటగాడి పురస్కారం గెలిచాడు. అయితే గుంజీళ్ల భంగిమలో కూర్చుని ఆడే ఆటకు నియమాలు ఏం చేస్తాయి? 2018లో తుంటికి శస్త్రచికిత్స అయింది. 2021లో .304 సగటుతో రాణించి కూడా, 34 ఏళ్లకే, మరుసటి ఏడాదికి రావాల్సిన 2.2 కోట్ల డాలర్లు వదులుకుని రిటైరయ్యాడు.