కడప కోట నుంచి పారిస్ వైర్‌లెస్ దాకా

గూఢచర్యం కేసులో ఎవరైనా దొరికారంటే చాలు, మన పేపర్లలో ‘వలపు వల’ అనే హెడ్డింగ్ రెడీగా ఉంటుంది. 2019 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఏడుగురు నేవీ సిబ్బందిని అరెస్టు చేసినప్పుడూ అంతే. ఫేస్‌బుక్‌లో ఆడపేర్లతో పరిచయాలు, ఆ తర్వాత నౌకల కదలికల గురించి ఆరా. అలాంటి కేసులు ఉన్నాయి, కాదనలేం. కానీ యుద్ధాల్లో ఆడవాళ్లు చేసిన వేగు పనంతా ఇదేననుకుంటే అసలు కథ చేజారిపోతుంది.

వలపు వల వేసే ఆడ గూఢచారి అనే ఈ బొమ్మ జనం మనసులో గట్టిపడింది మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్న 1917లో. డచ్ నర్తకి మాతా హరిని ఆ ఏడాది ఫిబ్రవరిలో పారిస్‌లో పట్టుకుని, అక్టోబర్ 15న కాల్చి చంపారు. జర్మన్ల దగ్గర ఆమె 20,000 ఫ్రాంకులు తీసుకున్నారు. దానికి బదులుగా పనికొచ్చే రహస్యం ఏదైనా ఇచ్చారా అన్నది మాత్రం విచారణలో గట్టిగా తేలలేదు. ఆ ఏప్రిల్‌లోనే ఫ్రెంచ్ సైన్యం పెద్ద దాడికి దిగి దెబ్బతింది, సిపాయిలు ఎదురు తిరిగారు. నెపం వేయడానికి ఒక మనిషి కావలసి వచ్చిందేమో అనిపిస్తుంది. అదే యుద్ధంలో బెల్జియంలో రైలు పట్టాల పక్క ఇళ్లలో కూర్చుని, జర్మన్ మిలిటరీ రైళ్లను లెక్కపెట్టి బ్రిటిష్ వాళ్లకు కబురు పంపిన ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్ల పేర్లు ఎవరికీ గుర్తులేవు. సినిమాకు పనికొచ్చే సరుకు అందులో లేదు మరి.

ఈ విషయంలో కౌటిల్యుడే నయం. అర్థశాస్త్రంలో వేగు పనికి చెప్పిన పరివ్రాజిక, అంటే సన్యాసిని, బతుకుతెరువు కోసం చూసే పేద వితంతువు. మాట్లాడటానికి జంకని మనిషి. అంతఃపురంలో మర్యాద ఉండి, పెద్ద అధికారుల ఇళ్లకు వచ్చిపోతుంటుంది. ఆమె అందం ఊసే అక్కడ లేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ కూడా దాదాపు అదే లెక్క వేసుకుంది. జర్మన్లు ఆక్రమించిన ఫ్రాన్స్‌లో వయసులో ఉన్న మగవాడు పగలు రోడ్డు మీద కనబడితే అనుమానమే. సైకిల్‌కు సంచి తగిలించుకుని వెళ్లే ఆడమనిషిని అంతగా పట్టించుకునేవారు కాదు. అందుకే 1942లో ఎస్‌ఓఈ (స్పెషల్ ఆపరేషన్స్ ఎగ్జిక్యూటివ్) అనే బ్రిటిష్ రహస్య సంస్థ ఆడవాళ్లను కూడా తీసుకుంది. 1943 ఫిబ్రవరి నుంచి యువకులను బలవంతంగా జర్మనీకి పనికి తోలడంతో మగవాళ్లు తిరగడం ఇంకా కష్టమైంది. దాని ఫ్రాన్స్ విభాగం తరఫున దాదాపు 40 మంది మహిళలు పనిచేశారు.

వాళ్లలో ఒకరి వంశం మన కడప దాకా వస్తుంది. నూర్ ఇనాయత్ ఖాన్ 1914 జనవరి 1న మాస్కోలో పుట్టారు. తండ్రి బరోడాకు చెందిన సూఫీ గురువు, వీణ విద్వాంసుడు హజ్రత్ ఇనాయత్ ఖాన్. తల్లి అమెరికన్. నాయనమ్మ వైపు నుంచి తమది టిప్పు సుల్తాన్ వంశమని ఆ కుటుంబం చెప్పుకుంటుంది. ‘టిప్పు వారసురాలు’ అని రాసేవాళ్లు అక్కడితో ఆగిపోతారు. ఆ టిప్పు తల్లి ఫక్రున్నీసా కడప కోట గవర్నరు మీర్ మొయినుద్దీన్ కూతురు. టిప్పు తండ్రి హైదర్ అలీ బావమరిది ఏలిన గుర్రంకొండ కూడా ఒకప్పుడు కడప జిల్లాలోదే. సీమలో టిప్పు పేరెత్తితే 1792లో, 1799లో చేతులు మారిన తాలూకాలు, 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పజెప్పిన దత్త మండలాలు గుర్తొస్తాయి. ఆడపిల్లల వైపు నుంచి సాగిన ఈ వంశం ఆ లెక్కల్లోకి రాదు.

టిప్పును చంపిన బ్రిటిష్ వాళ్ల కోసం ఆయన వారసురాలు పనిచేయడమేమిటని అడగొచ్చు. నూర్ ఆ సంగతి దాచుకోలేదు. యుద్ధం అయ్యాక భారత స్వాతంత్ర్యం వైపే నిలబడతానని ఇంటర్వ్యూ చేసిన అధికారులకు ముఖం మీదే చెప్పారు.

1943 జూన్ 16 రాత్రి చిన్న విమానంలో ఫ్రాన్స్‌లో దిగారు. అక్కడికి బ్రిటన్ పంపిన మొదటి మహిళా వైర్‌లెస్ ఆపరేటర్ ఆమే. సూట్‌కేసులో పట్టే ఆ సెట్టు బరువు సుమారు 15 కిలోలు. వాడాలంటే పొడవాటి ఏరియల్ తీగను చెట్టుకో కిటికీకో కట్టాలి. సిగ్నల్ పోతున్నంతసేపూ జర్మన్ వ్యాన్లు దాని ఆచూకీ పట్టే పనిలోనే ఉంటాయి. ఒకే చోట ఎక్కువసేపు ఉంటే పట్టుబడ్డట్టే. ఆమె వెళ్లిన పది రోజుల్లోపే పారిస్‌లో ఎస్‌ఓఈ నడిపిన ప్రాస్పర్ అనే రహస్య దళంలోవాళ్లు జర్మన్ల చేతికి చిక్కడం మొదలైంది. వెనక్కి వచ్చేయమంటే, పారిస్‌లో ఇక వేరే ఆపరేటర్ లేరని రానన్నారు. నివాసాలు మారుస్తూ అక్టోబర్ దాకా నెట్టుకొచ్చి దొరికిపోయారు.

విచారణలో ఆమె రహస్యాలేవీ బయటపెట్టలేదు. రెండుసార్లు తప్పించుకోబోయారు. అయితే పంపిన సందేశాలన్నీ ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకున్నారు, అది జర్మన్లకు దొరికింది. వాళ్లు ఆమె సెట్టు మీదే, ఆమె పంపుతున్నట్టే లండన్‌తో మాట్లాడారు. లండన్ నమ్మింది. 1944 ఫిబ్రవరిలో పారాచూట్‌తో దిగిన మాడలైన్ దమర్మా నేల మీద కాలుపెట్టగానే పట్టుబడ్డారు. నోటుబుక్కు రాయడం తప్పే. కానీ నెలల తరబడి అనుమానించని లండన్ ఆఫీసుదే పెద్ద తప్పని నేనంటాను. ఆ సెప్టెంబర్ 13న డాచౌ క్యాంపులో నూర్‌ను, దమర్మాను, మరో ఇద్దరు మహిళలను కోర్టు విచారణ లేకుండానే కాల్చేశారు.

నూర్ ఎక్కడ చనిపోయారన్నది కూడా మొదట తప్పుగా తేల్చారు. నాట్జ్‌వైలర్ క్యాంపులో అనుకున్నది డాచౌ అని 1947లో బయటపడింది. బ్రిటన్ సాహస పురస్కారం జార్జ్ క్రాస్ ఆమెకు 1949లో ప్రకటించారు. లండన్‌లో విగ్రహం 2012లో, ఆమె ఉన్న ఇంటికి, ప్రముఖులు నివసించిన ఇళ్లకు పెట్టే నీలి ఫలకం 2020లో వచ్చాయి.

నూర్ పేరిట కనీసం బ్రిటిష్ ప్రభుత్వ ఫైలుంది. బర్మాలో ఆజాద్ హింద్ ఫౌజ్ కోసం మగపిల్లవాడి వేషంలో బ్రిటిష్ క్యాంపుల్లో చేరి కబుర్లు మోశానని చెప్పిన సరస్వతి రాజామణి విషయంలో మనకున్న ఆధారం ఎక్కువగా ఆమె సొంత మాటే. ఆమె 2018లో చెన్నైలో చనిపోయారు.