ల్యాప్‌టాప్ బ్యాటరీ: అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో ల్యాప్‌టాప్‌లు బాగుచేసే పనిలో ఉన్న నాకు ఏప్రిల్, మే నెలల్లో బ్యాటరీ ఫిర్యాదులే ఎక్కువగా వస్తాయి. వచ్చేవారిలో చాలామంది ఇంజనీరింగ్ విద్యార్థులే అయినా, బ్యాటరీ విషయంలో మాత్రం ఎవరో చెప్పిన మాటలనే నమ్ముకొని ఉంటారు.

అపోహ: ల్యాప్‌టాప్ ఏ కంపెనీదో, బ్యాటరీని తయారు చేసేది కూడా ఆ కంపెనీయే.

వాస్తవం: డెల్, హెచ్‌పీ, లెనోవో వంటి సంస్థలు సెల్స్‌ను తయారు చేయవు. విద్యుత్తును నిల్వ ఉంచే ఆ సెల్స్ ఎల్‌జీ, శామ్‌సంగ్ ఎస్‌డీఐ, పానసోనిక్, ఏటీఎల్ వంటి తయారీదారుల నుంచి వస్తాయి. సింప్లో, సన్‌వోడా వంటి సంస్థలు వాటిని జతకూర్చి, రక్షణ సర్క్యూట్‌ను అమర్చి ప్యాక్‌గా చేస్తాయి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఉండే లిథియం అయాన్ రకం బ్యాటరీని 1991లో మొదటిసారి మార్కెట్లోకి తెచ్చిన సోనీ సైతం 2017లో ఆ వ్యాపారాన్ని మురాటాకు అప్పగించింది. కాబట్టి స్టిక్కర్ మీది పేరు కన్నా లోపలి సెల్స్ నాణ్యతే ముఖ్యం.

చవక ప్యాక్‌లలో నేను తరచుగా చూసే లోపం ఒకటుంది. సామర్థ్యం సమానంగా లేని సెల్స్‌ను, కొన్నిసార్లు పాత ప్యాక్‌ల నుంచి తీసిన వాటిని, వరుసగా కలిపినప్పుడు అన్నిటికన్నా బలహీనమైన సెల్ ముందుగా ఖాళీ అవుతుంది, దానిని కాపాడటానికి సర్క్యూట్ మొత్తం ప్యాక్‌ను ఆపేస్తుంది. ఛార్జ్ ముప్పై శాతం చూపిస్తూనే ల్యాప్‌టాప్ ఆగిపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. బయటకు తీయగలిగే ప్యాక్ అయితే తూచి చూడటం మంచిది: 18650 రకం గుండ్రని సెల్ ఒక్కటి సుమారు 45 గ్రాములు ఉంటుంది గనుక, ఆరు సెల్స్ ప్యాక్ 270 గ్రాముల కన్నా తక్కువ తూగితే అనుమానించవలసిందే. లేబుల్ మీద బ్యాటరీ భద్రతకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 16046 పేరూ, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్యా ఉన్నాయో లేదో చూసి, ఆ సంఖ్యను భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వారి బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు.

అపోహ: ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్, బ్యాటరీ ఛార్జ్ సామర్థ్యపు కొలత) ఎక్కువ ఉంటే బ్యాకప్ ఎక్కువ.

వాస్తవం: వోల్టేజీని కూడా లెక్కలోకి తీసుకోవాలి. వోల్టులను ఎంఏహెచ్‌తో గుణించి వెయ్యితో భాగిస్తే నిల్వ ఉండే శక్తి వాట్ అవర్లలో వస్తుంది. 11.1 వోల్టుల 4400 ఎంఏహెచ్ బ్యాటరీలోనూ, 14.8 వోల్టుల 3300 ఎంఏహెచ్ బ్యాటరీలోనూ నిల్వ ఉండే శక్తి ఒక్కటే, 48.84 వాట్ అవర్లు. పోల్చవలసింది ఈ వాట్ అవర్లనే.

అపోహ: బ్యాటరీ పూర్తిగా అయిపోయాకే ఛార్జింగ్ పెట్టాలి.

వాస్తవం: ఇది నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటి మాట. లిథియం అయాన్‌ను మాటిమాటికీ సున్నాకు దించడమే దానికి చేటు.

అపోహ: ఎప్పుడూ ప్లగ్‌లో ఉంచితే ఓవర్‌ఛార్జ్ అయి పాడవుతుంది.

వాస్తవం: నిండగానే సర్క్యూట్ ఛార్జింగ్‌ను ఆపేస్తుంది కాబట్టి ఓవర్‌ఛార్జ్ భయం అక్కరలేదు. అయితే నూరు శాతం నిండి ఉండటం, వేడి, ఈ రెండూ కలిస్తే సెల్ వేగంగా క్షీణిస్తుంది. పగటి వేడి 43 డిగ్రీలు దాటే మన వరంగల్ వేసవిలో, రేకుల గదిలో పరుపు మీద పెట్టి రోజంతా ప్లగ్‌లోనే నడిపే ల్యాప్‌టాప్‌కు జరిగేది ఇదే. చాలా కంపెనీలు ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సదుపాయం ఇస్తున్నాయి. హాస్టల్‌లో ఎక్కువసేపు ప్లగ్‌లోనే వాడేవారు దానిని తప్పక ఆన్ చేసుకోవాలని కోరుతున్నాను.

అపోహ: కొద్దిగా ఉబ్బిన బ్యాటరీని ఇంకొంత కాలం వాడుకోవచ్చు.

వాస్తవం: వాడకూడదు. ఆ ఉబ్బు లోపల రసాయనాలు విచ్ఛిన్నమై పుట్టిన వాయువు. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్లు కనిపిస్తే వెంటనే ఛార్జర్ తీసి, ల్యాప్‌టాప్ ఆఫ్ చేసి, బ్యాటరీని గుచ్చకుండా, నొక్కకుండా, చెత్తబుట్టలో వేయకుండా సర్వీసు చేసేవారికి అప్పగించండి.