కోచ్ సలహా ఇవ్వరా? కోచింగ్‌పై అపోహలు – వాస్తవాలు

"మేడమ్, ఉద్యోగం మానేయమంటారా, వద్దంటారా?" తొలి సెషన్‌లో కూర్చోగానే ఒకావిడ అడిగిన మాట ఇది. ఆవిడ అనుమతితోనే, ఆనవాళ్లు మార్చి రాస్తున్నాను. ఇక్కడ కోచ్ అంటే ఆటలు నేర్పేవారో, పరీక్షలకు చదివించేవారో కాదు; ఉద్యోగం, జీవితం గురించి ప్రశ్నలు అడుగుతూ, జవాబు మనమే తేల్చుకునేలా తోడుండేవారు. నేను చేసే పని అదే.

అపోహ: కోచ్ సలహా చెబుతారు.

వాస్తవం: నేను చెప్పలేదు. "మానేశాక మొదటి సోమవారం ఉదయం ఎలా ఉంటుందో చెప్పండి" అన్నాను. ఆవిడ ఏదో చెప్పబోయి ఆగిపోయారు. నేనూ మాట్లాడలేదు. దాదాపు నిమిషం గడిచింది. "పనంటే నాకు ఇష్టమేనండీ. ఇంత పని నా వల్ల కాదని మా మేనేజర్‌కి ఒక్కసారి కూడా చెప్పలేదు" అన్నారు. మిగతా సమయమంతా ఆ మాట ఎప్పుడు, ఎలా చెప్పాలన్న దాని మీదే గడిచింది. నేను తొందరపడి సలహా ఇచ్చి ఉంటే రాజీనామా గురించే మాట్లాడుకునేవాళ్లం.

మనం పనిచేసే రంగంలో అనుభవం ఉన్నవాళ్లు దారి చూపితే అది మెంటరింగ్. పరిష్కారం తయారుచేసి చేతిలో పెడితే కన్సల్టింగ్. రెండూ అవసరమే, కానీ మా పని వేరు.

అపోహ: ఇదీ ఒకరకం థెరపీయే.

వాస్తవం: ఇక్కడ నేను అస్సలు రాజీపడను. వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, బతకాలనిపించకపోవడం... ఇవి లక్ష్యాలు పెట్టుకుని దాటేవి కావు. సైకాలజిస్టునో సైకియాట్రిస్టునో కలవాలి. ఆ వైద్యం కోచింగ్ శిక్షణలో ఉండదు. ఆ మాట చెప్పి పంపించని కోచ్ క్లయింటుకి హాని చేస్తున్నట్టే.

అపోహ: కంపెనీ ఫీజు కడితే మన మాటలన్నీ బాస్‌కి చేరతాయి.

వాస్తవం: చేరకూడదు. ఏం పంచుకోవాలో, ఏం పంచుకోకూడదో ముందే నేను, క్లయింటు, కంపెనీ తరఫువాళ్లు ముగ్గురం కూర్చుని రాసుకుంటాం. ప్రాణాపాయం ఉన్నప్పుడు, చట్టం అడిగినప్పుడు మినహాయింపు ఉంటుంది, అదీ మొదటే చెప్పాలి. మీ కోచ్ ఈ సంగతి ఎత్తకపోతే మీరే అడగండి.

అపోహ: పనిలో వెనకబడ్డవాళ్లకే కోచ్ కావాలి.

వాస్తవం: నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది కొత్తగా ప్రమోషన్ అందుకున్నవాళ్లే.

అపోహ: కోచ్ అని పెట్టుకున్నారంటే అర్హత ఉన్నట్టే.

వాస్తవం: చాలా దేశాల్లో ఈ వృత్తికి లైసెన్సు అక్కర్లేదు, ఎవరైనా కోచ్‌నని చెప్పుకోవచ్చు. అందుకే 1995లో మొదలైన ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ లాంటి సంస్థల గుర్తింపు ఉందేమో చూడాలి. అక్కడ తొలి మెట్టు ఏసీసీకే (అసోసియేట్ సర్టిఫైడ్ కోచ్) కనీసం 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం కావాలి. అన్నిటికన్నా పై మెట్టు ఎంసీసీకి (మాస్టర్ సర్టిఫైడ్ కోచ్) అనుభవమే 2,500 గంటలు. గుర్తింపు ఉన్నా మీకు నప్పాలని లేదు కాబట్టి, ఫీజు కట్టే ముందు ఒకసారి మాట్లాడి చూడండి. "మూడు నెలల్లో మీ జీవితం మార్చేస్తాను" అని హామీ ఇస్తే మాత్రం, దయచేసి అక్కడే లేచి వచ్చేయండి.