మూత తీయకుండానే యురేనియం లెక్క

గోదాములో వరసగా ఉక్కు సిలిండర్లు. ఒక్కోదానికి ఒక చీటీ: లోపల యురేనియం ఇన్ని కిలోలు, అందులో యురేనియం-235, అంటే ఇంధనానికీ బాంబుకూ పనికొచ్చే రకం, ఇంత శాతం. ఆ చీటీలో రాసింది నిజమేనా? వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, అంటే ఐఏఈఏ, పంపిన ఇన్‌స్పెక్టర్ తేల్చాల్సింది అదే. సిలిండర్ తెరవరు. చేతిలో పట్టే డిటెక్టర్‌ను దాని గోడకు ఆనించి కాసేపు కదలకుండా ఉంచుతారు.

యురేనియం-235 తనంతట తానే గామా కిరణాలు వదులుతుంది. వాటిలో ముఖ్యమైనదాని శక్తి దాదాపు 186 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. డిటెక్టర్‌లో సోడియం అయొడైడ్ స్ఫటికం ఉంటే, కిరణం తగలగానే అందులో ఒక సన్నని మెరుపు పుడుతుంది. కిరణం శక్తిని బట్టే మెరుపు. అలాంటివి వేలకొద్దీ పోగుపడితే తెర మీది గ్రాఫ్‌లో 186 దగ్గర ఒక శిఖరం లేస్తుంది. సీజియం-137 అనే మరో రేడియోధార్మిక పదార్థం అయితే అది 662 దగ్గర లేచేది. కాబట్టి ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకునే ప్రమాదం తక్కువ.

ఇందులో నన్ను బాగా ఆకట్టుకున్న సంగతి ఒకటుంది. యురేనియం తన కిరణాలను చాలావరకు తానే మింగేస్తుంది. లోహమైతే పై కొద్ది మిల్లీమీటర్ల నుంచి వచ్చినవే బయటపడతాయి. ఇది లోపంలా అనిపిస్తుంది గానీ, కొలతను సులువు చేసింది ఇదే. సరుకు తగినంత మందంగా ఉంటే చాలు, మొత్తం ఎంతున్నా సరే, ఆ శిఖరం ఎత్తు యురేనియం-235 శాతాన్ని బట్టే ఉంటుంది. సహజ యురేనియంలో అది 0.7 శాతం, చాలా విద్యుత్ రియాక్టర్ల ఇంధనంలో 3 నుంచి 5 శాతం.

అయితే గోడ సంగతి మరిచిపోతే లెక్క తప్పుతుంది. ఒక్క మిల్లీమీటర్ ఉక్కు ఈ కిరణాల్లో పదో వంతుకు పైగా ఆపేస్తుంది. అందుకే అల్ట్రాసోనిక్ గేజ్‌తో గోడ మందం కూడా కొలుస్తారు.

శాతం తెలిసినా బరువు తెలియదు. దానికి తూకం కావాలి. పై పొర ఒకటి, లోపల ఇంకొకటి ఉంటే ఈ డిటెక్టర్ పసిగట్టలేదు. అలాంటి చోట నమూనా తీసి ల్యాబ్‌కు పంపాల్సిందే. ప్లుటోనియం దగ్గర న్యూట్రాన్లను కూడా లెక్కపెడతారు.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఐఏఈఏ లెక్క ప్రకారం 8 కిలోల ప్లుటోనియం దారి తప్పినా, బాగా శుద్ధి చేసిన, అంటే యురేనియం-235 శాతం బాగా పెంచిన, యురేనియంలోని యురేనియం-235 ఒక 25 కిలోలు దారి తప్పినా, ఒక బాంబు తయారయ్యే అవకాశాన్ని కొట్టిపారేయలేం.